రైజోబియం కల్చరు: వేరు బుడిపె నుండి పొట్లము వరకు

కంది, పెసర, మినుము, అలసంద, శనగ, వేరుశనగ, సోయాచిక్కుడు మొదలగు కాయజాతి పైరుల విత్తనములకు రైజోబియం కల్చరు పట్టించి విత్తుకొనవలెనని వ్యవసాయ శాఖ వారు చెప్పుచున్నారు. చాలమంది రైతులు ఆ ప్రకారము చేయుచున్నారు. కాని పొట్లము విప్పి చూచిన నల్లని పొడి తప్ప మరేమియు కంటికి కనుపించదు. యూరియా వలె గుళిక లేదు, సూపరు వలె ఘాటు లేదు. "ఈ నల్లపొడిలో ఏమున్నది? ఉన్నదని మేమెట్లు నమ్మవలెను?" అని రైతులడుగుచుందురు. ఇది న్యాయమైన ప్రశ్న. ఆ పొడిలో ఉండవలసినది మందు కాదు, ఎరువు కాదు, ప్రాణము గల విత్తనము. విత్తనము మొలక శాతమును బట్టి ఎట్లు విలువ కట్టుదుమో, కల్చరును కూడ దానిలో బ్రతికియున్న సూక్ష్మజీవుల సంఖ్యను బట్టి, వాని స్వచ్ఛతను బట్టి విలువ కట్టవలెను. ఈ రెండును ప్రయోగశాలలో ఎట్లు తేల్చుదురో తెలిసికొన్నచో, పొట్లమును ఎందుకు నీడలో ఉంచవలెనో, ఎప్పుడు వద్దనవలెనో ఎవరును చెప్పకయే తెలియును.

బుడిపెలలో ఏమున్నది?

బాగుగా పెరిగిన పెసర మొక్కను మట్టితో సహా త్రవ్వి, నీటిలో మెల్లగా కడిగి చూడుడు. వేళ్లపై ఆవగింజ మొదలు చిన్న బఠాణీ గింజ వరకు గల బుడిపెలు కనుపించును. ఇవి తెగులు వలన కలిగినవి కావు. నులిపురుగుల వలన కలుగు ఉబ్బు వేరులోనే కలిసి యుండును, గోటితో తీసిన ఊడిరాదు. ఈ బుడిపెలు వేరుకు ప్రక్కన అంటుకొని యుండి, సులభముగా ఊడివచ్చును.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. కాని దానిని ఏ పైరును నేరుగా తీసికొనలేదు. బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు ఆ నత్రజనిని మొక్కకు పనికివచ్చు రూపమునకు మార్చి యిచ్చును. మొక్క వానికి చక్కెర పదార్థమును ఆహారముగా ఇచ్చును. ఇది ఇరువురకు లాభమైన పొత్తు సేద్యము. 1886లో జర్మనీ దేశమునందు హెల్‌రీగెల్, విల్ఫార్త్ అను శాస్త్రజ్ఞులు కాయజాతి పైరులు బుడిపెల సహాయమున గాలిలోని నత్రజనిని వాడుకొనునని వెల్లడించిరి. 1888లో హాలెండు దేశస్థుడైన బెయెరింక్ అను శాస్త్రజ్ఞుడు బుడిపెల నుండి ఆ సూక్ష్మజీవిని విడిగా తీసి పెంచగలిగెను. మన చేతికి వచ్చు పొట్లమునకు మూలము ఆ పనియే.

వేరుచేయు ఉపాయము

మట్టిలో ఒక్క గ్రాములోనే కోట్ల కొలది సూక్ష్మజీవులుండును. వీనిలో మేలు చేయునవి, కీడు చేయునవి, ఏమియు చేయనివి అన్నియు కలగాపులగముగా ఉండును. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యవ వంతు, రెండు వేల వంతుల పొడవు మాత్రమే ఉండును. ఇంత చిన్నవానిలో ఒక్కదానిని పట్టి వేరుచేయుట ఎట్లు?

పాలను తోడుపెట్టు గృహిణులకు దీనిలోని చిక్కు తెలియును. తోడు మంచిదైన పెరుగు కమ్మగా ఉండును. తోడులో వేరొకటి కలిసిన పెరుగు సాగును, లేక పులిసి వాసన కొట్టును. ద్రవములో అన్నియు కలిసిపోవును, కనుక ఏది ఏదో విడదీయుట కష్టము. జర్మనీ దేశపు వైద్యుడు రాబర్ట్ కాక్ ఈ చిక్కును విడదీసెను. సూక్ష్మజీవులను ద్రవములో గాక గట్టి ఆహారముపై పలుచగా చల్లినచో, ప్రతి జీవియు తానున్న చోటనే ఉండి అక్కడనే సంతానమును పెంచును. కొన్ని దినములలో ఆ సంతానము కోట్లకు పెరిగి, కంటికి కనుపించు చిన్న బొట్టుగా ఏర్పడును. దీనినే కాలనీ యందురు. ఒక కాలనీ యనగా ఒకే తల్లి నుండి వచ్చిన కుటుంబము. ఒకే వెన్ను నుండి గింజలు తీసి, విడిగా విత్తి, స్వచ్ఛమైన వరి రకమును తయారుచేయుట వంటిదే ఇదియును.

మొదట కాక్ బంగాళాదుంప ముక్కలను, తరువాత జెలటిను అను పదార్థమును వాడెను. కాని జెలటిను వేసవి వేడికే కరిగి నీరగును. 1881 ప్రాంతమున ఆయన ప్రయోగశాలలో పనిచేయుచుండిన వాల్తర్ హెస్సె అను శాస్త్రజ్ఞుని భార్య ఫానీ హెస్సె, తన వంటయింటిలో పండ్ల జెల్లీలు గట్టిపడుటకు వాడు అగారును వాడి చూడుమని సూచించెను. అగారు సముద్రపు నాచు నుండి తీయబడును. అది మరుగు నీటిలో కరిగి, 40 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపులకు చల్లారగానే గట్టిపడును. గట్టిపడిన పిమ్మట మన మే నెల ఎండకు కూడ కరగదు. 1887లో కాక్ వద్దనే పనిచేసిన పెట్రి అను నాయన మూతగల పలుచని గాజు పళ్లెమును వాడుకలోనికి తెచ్చెను. నేటికిని ప్రతి ప్రయోగశాలలోను ఈ అగారును, ఈ పెట్రి పళ్లెమును వాడుచున్నారు.

ఆహారము తయారుచేయుట

బుడిపెల సూక్ష్మజీవులకు ఇష్టమైన ఆహారమును ఒక లీటరు నీటిలో ఈ విధముగా కలుపుదురు.

మానిటాలు అను చక్కెర పదార్థము 10 గ్రాములు
ఈస్టు సారము అర గ్రాము నుండి 1 గ్రాము
డైపొటాషియం ఫాస్ఫేటు అర గ్రాము
మెగ్నీషియం సల్ఫేటు 0.2 గ్రాము
ఉప్పు 0.1 గ్రాము
అగారు 15 నుండి 20 గ్రాములు

దీనికి కాంగో రెడ్డు అను ఎర్ర రంగును అతి స్వల్పముగా, లీటరుకు 25 మిల్లీగ్రాముల చొప్పున చేర్చుదురు. ఆమ్ల క్షార సూచిక, అనగా పి.హెచ్., 6.8 నుండి 7.0 వరకు ఉండునట్లు సరిచేయుదురు. ఈ మిశ్రమమును ఆటోక్లేవులో చదరపు అంగుళమునకు 15 పౌన్ల ఆవిరి ఒత్తిడిపై, 121 డిగ్రీల వేడిలో 15 నుండి 20 నిమిషములుంచుదురు. ఈ ఆటోక్లేవు మన ఇండ్లలోని ప్రెషరు కుక్కరు వంటిదే, పరిమాణములో పెద్దది. మామూలుగా మరగబెట్టిన కొన్ని సూక్ష్మజీవుల గట్టి బీజములు చావవు. ఒత్తిడిలోని ఆవిరికి అవి కూడ చచ్చును.

ఇట్లు శుద్ధిచేసిన ఆహారమును గోరువెచ్చగా ఉండగానే శుద్ధమైన పళ్లెములలో పోసి గట్టిపడనిత్తురు. ఈ పళ్లెము కలుపు తీసి, దుక్కిచేసి, విత్తుటకు సిద్ధముగా నుంచిన నారుమడి వంటిది. దీనిలో మనము వేసినది తప్ప మరొకటి మొలవరాదు.

బుడిపెను ఎన్నుకొని శుద్ధిచేయుట

పూతకు వచ్చు దశలో ఉన్న, ఆకులు ముదురు ఆకుపచ్చగా గల ఆరోగ్యమైన మొక్కను ఎన్నుకొందురు. లాగిన బుడిపెలు భూమిలోనే తెగిపోవును, కనుక పారతో చుట్టును త్రవ్వి తీయుదురు. తల్లివేరు దగ్గర ఉన్న, గట్టిగా, లోపల గులాబి రంగుగా నున్న బుడిపెలనే తీసికొందురు. గులాబి రంగు మన రక్తములోని ఎరుపు పదార్థము వంటి దాని వలన కలుగును. ఆ రంగున్న బుడిపె పనిచేయుచున్నదని అర్థము. లోపల తెల్లగా ఉన్నవి పని మొదలుపెట్టనివి లేక పనికిరానివి. ఆకుపచ్చగా, గోధుమ రంగుగా మారినవి ముసలివి.

బుడిపెను కొంచెము వేరు ముక్కతో సహా కత్తిరింతురు. దానిని నీటిలో కడిగి, సారాయి సత్తులో కొన్ని క్షణములు ముంచి, తరువాత 3 శాతము సోడియం హైపోక్లోరైటు ద్రావణములో 3, 4 నిమిషములు ఉంచుదురు. దీనివలన బుడిపె పైతోలుకు అంటియున్న మట్టి సూక్ష్మజీవులు చచ్చును. లోపలి వానికి మందు తగులదు. తరువాత శుద్ధమైన నీటిలో 5, 6 సార్లు కడుగుదురు. మందు మిగిలినచో లోపలి సూక్ష్మజీవులును చచ్చును, కనుక ఈ కడుగుటలో తొందర పనికిరాదు.

ఇక్కడ జాగ్రత్తపరులైన పనివారు ఒక పరీక్ష చేయుదురు. చివరిసారి కడిగిన నీటిని ఒక బొట్టు వేరొక పళ్లెముపై వేసి ఉంచుదురు. ఆ పళ్లెముపై ఏమియు మొలవకున్న, పైతోలు శుద్ధమైనదని తేలును. మొలచినచో, ఆ బుడిపె నుండి తీసిన కాలనీలను నమ్మరు.

గీతలు గీసి ఒంటరి కాలనీని పొందుట

శుద్ధిచేసిన బుడిపెను ఒక బొట్టు శుద్ధమైన నీటిలో గాజు కడ్డీతో నలుపగా పాలవంటి ద్రవము వచ్చును. సన్నని తీగ కొనను ఉంగరమువలె వంచి, స్పిరిటు దీపముపై ఎర్రగా కాల్చి, చల్లార్చి, ఆ ద్రవములో ముంచుదురు. దానితో పళ్లెములోని ఆహారముపై ఒక ప్రక్కన దగ్గర దగ్గరగా గీతలు గీయుదురు. తీగను మరల కాల్చి చల్లార్చి, మొదటి గీతల కొనలను తాకుచు రెండవ వరుస గీతలు గీయుదురు. ఇట్లే ప్రతిసారి తీగను కాల్చుచు మూడవ వరుసను, నాల్గవ వరుసను గీయుదురు. మొదటి వరుసలో లక్షల కొలది జీవులు పడును, రెండవదానిలో వేలు, మూడవదానిలో వందలు, నాల్గవదానిలో ఒకటొకటి దూరదూరముగా పడును. గొర్రు చాలులో గింజలు అయిపోవచ్చినప్పుడు చివర మొలకలు పలుచబడుట చూచిన వారికి ఇది సులభముగా బోధపడును.

పళ్లెమును తలక్రిందులుగా ఉంచి, 28 నుండి 30 డిగ్రీల వేడిగల పెట్టెలో పెట్టుదురు. తలక్రిందులు చేయనిచో మూతపై చేరిన తేమ బొట్లు కాలనీలపై పడి అన్నిటిని కలిపివేయును. కొన్ని జాతులు 3 నుండి 5 దినములలో 2 నుండి 4 మిల్లీమీటర్ల కాలనీలగును. వేరుశనగ, కంది, పెసర, మినుము, అలసంద, సోయాచిక్కుడు పైరులతో పొత్తుకూడు జాతులు సాధారణముగా మందగతివి. వాని కాలనీలు గుండుసూది తలంత, అనగా ఒక మిల్లీమీటరు మించక, వెలుపడుటకు 5 నుండి 10 దినములు పట్టును. ఈ మందగతి జాతులకు 1982లో శాస్త్రజ్ఞులు బ్రాడీరైజోబియం అని వేరు పేరు పెట్టిరి. అయినను పొట్లములపై రైజోబియం అను పాత పేరే వాడుకలో ఉన్నది.

ఈ తేడా వలన ఒక చిక్కు కలదు. రెండవ దినముననే పళ్లెము నిండ పెరిగి కనుపించునవి చాలవరకు మనకు కావలసినవి కావు, కలుపువే. తొందరపడి వానినే ఎత్తినచో పని అంతయు వృథా అగును. నాల్గవ వరుసలో ఒంటరిగా పెరిగిన కాలనీని తీసి, మరల క్రొత్త పళ్లెముపై గీయుదురు. ఇట్లు రెండు మూడుసార్లు చేసిన పిమ్మట పళ్లెములోని కాలనీలన్నియు ఒకే రూపున, ఒకే రంగున, ఒకే వేగమున పెరిగినచో అది స్వచ్ఛమైనదని తలంతురు.

గుర్తించుట

స్వచ్ఛమైనంత మాత్రమున అది మనకు కావలసినదే యని చెప్పరాదు. వరి నారుమడిలో ఊద మొక్క కూడ వరివలెనే కనుపించును. ఆకు మొదట చెవులను చూచి గాని రైతు నిర్ణయించడు. సూక్ష్మజీవుల విషయములోను ఇట్టి గుర్తులు కలవు.

మొదటిది రంగు. కాంగో రెడ్డు కలిపిన పళ్లెమును చీకటిలో పెంచినచో, రైజోబియం కాలనీలు రంగును అంతగా పీల్చుకొనక తెల్లగా, నిగనిగలాడుచు, జిగురుగా, కొంచెము ఉబ్బుగా ఉండును. ఇతర సూక్ష్మజీవులలో చాలవరకు ఎర్రగా మారును.

రెండవది బ్రోమోథైమాలు బ్లూ అను రంగు కలిపిన ఆహారము. ఇది మొదట పచ్చగా ఉండును. త్వరితగతి జాతులు ఆమ్లమును పుట్టించి దానిని పసుపు రంగునకు మార్చును. మందగతి జాతులు క్షారమును పుట్టించి నీలి రంగునకు మార్చును. వేరుశనగ బుడిపె నుండి తీసినదని చెప్పిన కాలనీ రెండు దినములలో పళ్లెమును పసుపు చేసినచో దానిని అనుమానింపవలెను.

మూడవది సూక్ష్మదర్శిని పరీక్ష. 1884లో డెన్మార్కు దేశస్థుడైన గ్రామ్ అను వైద్యుడు కనుగొన్న రంగుల పద్ధతిలో, ఊదారంగు వేసి, అయొడిను వేసి, సారాయి సత్తుతో కడిగి, తుదకు ఎర్రరంగు వేయుదురు. రైజోబియం ఊదారంగును పోగొట్టుకొని ఎర్రని చిన్న కడ్డీలవలె కనుపించును.

నాల్గవది గ్లూకోజు పెప్టోను కలిపిన ఆహారము. రైజోబియం దీనిపై పెరుగదు, పెరిగినను అతి స్వల్పము. దానికి దాయాదియైన ఆగ్రోబాక్టీరియం అను జాతి మాత్రము దీనిపై దట్టముగా పెరుగును. ఈ దాయాది కొన్ని మొక్కలపై కంతులను పుట్టించునదే గాని నత్రజనిని ఇచ్చునది కాదు. పళ్లెముపై రెండును ఒకే పోలికగా నుండును గనుక ఈ పరీక్ష తప్పనిసరి.

తుది తీర్పు మొక్కదే

పై నాలుగు పరీక్షలలో నెగ్గిన కాలనీ కూడ బుడిపెలు పుట్టించునని నమ్మకము లేదు. కావున తుది పరీక్షను మొక్కపై చేయుదురు. నత్రజని లేని శుద్ధమైన ఇసుకను పాత్రలలో నింపి, పైతోలు శుద్ధిచేసిన విత్తనములను నాటుదురు. కొన్ని పాత్రలకు పరీక్షించు సూక్ష్మజీవిని చేర్చుదురు. కొన్నిటికి ఏమియు చేర్చరు. మరికొన్నిటికి సూక్ష్మజీవికి బదులు నత్రజని ఎరువు నిత్తురు. మిగిలిన పోషకములు అన్నిటికి సమానమే.

నాలుగు నుండి ఆరు వారములలో తీర్పు తెలియును. ఏమియు చేర్చని మొక్కలు పసుపుబారి, గిడసబారి, బుడిపెలు లేక ఉండవలెను. వానికి కూడ బుడిపెలు వచ్చినచో బయటి సూక్ష్మజీవులు జొరబడినవని గ్రహించి పరీక్షను రద్దుచేయుదురు. సూక్ష్మజీవి చేర్చిన మొక్కలు గులాబి బుడిపెలతో పచ్చగా పెరిగినచో ఆ కాలనీ అసలైన రైజోబియం. అట్టివానిలో కూడ ఎరువు వేసిన మొక్కలకు సాటిగా పెరిగించిన దానినే ఎన్నుకొందురు. బుడిపెలు పుట్టించి, నత్రజని మాత్రము సరిగా ఇయ్యని జాతులును కలవు. అవి కూలి తీసికొని పనిచేయని వారి వంటివి.

ఏ పైరుకు ఆ పైరు జాతినే వాడవలెనన్న నియమము కూడ ఈ పరీక్షల వలననే తేలినది. పెసర, మినుము, కంది, అలసంద, వేరుశనగ పైరులు చాలవరకు ఒకే వర్గమునకు చెందును. శనగకు వేరు జాతి, సోయాచిక్కుడుకు వేరు జాతి కావలెను. సోయాచిక్కుడు ఎన్నడును వేయని భూమిలో దానికి తగిన సూక్ష్మజీవి సహజముగా ఉండుట అరుదు. కనుక మొదటిసారి వేయు రైతులకు కల్చరు మిక్కిలి అవసరము.

పెంచి పొడిలో కలుపుట

ఇట్లు ఎన్నుకొన్న జాతిని అగారు లేని ద్రవ ఆహారములో, గాలి బాగుగా తగులునట్లు కుదుపుచు పెంచుదురు. ద్రవము మిల్లీలీటరుకు 100 కోట్ల వరకు సూక్ష్మజీవులున్నంతగా చిక్కబడిన పిమ్మట, మెత్తగా పొడిచేసి శుద్ధిపరచిన లిగ్నైటు బొగ్గులోగాని, పీటు అను కుళ్లిన నాచు మట్టిలోగాని కలుపుదురు. పొడి పుల్లగా నున్నచో సున్నపురాయి పొడి చేర్చి సరిచేయుదురు. మీరు చూచు నల్లని రంగు ఈ బొగ్గుపొడిది. అది బండి వంటిది, ప్రయాణికులు సూక్ష్మజీవులు. పొడిలో తగిన తేమ లేకున్న అవి బ్రతుకవు. నేడు ద్రవరూపమున కూడ కల్చరు దొరకుచున్నది.

లెక్కించుట

కేంద్ర ప్రభుత్వపు 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006లో జీవన ఎరువులను కూడ చేర్చిరి. దాని ప్రకారము రైజోబియం పొడిలో గ్రాముకు కనీసము 5 కోట్లు, ద్రవములో మిల్లీలీటరుకు కనీసము 10 కోట్లు బ్రతికియున్న సూక్ష్మజీవులుండవలెను. లక్ష రెట్లు పలుచన చేసి చూచినప్పుడు కలుపు సూక్ష్మజీవులు కనుపించరాదు. పొడిలో తేమ 30 నుండి 40 శాతము వరకు ఉండవలెను.

5 కోట్లను ఎవరు లెక్కపెట్టగలరు? దీనికి సులువైన ఉపాయము కలదు. 10 గ్రాముల పొడిని 90 మిల్లీలీటర్ల శుద్ధమైన నీటిలో కలిపిన పది రెట్లు పలుచన అగును. దానిలో 1 మిల్లీలీటరు తీసి 9 మిల్లీలీటర్ల నీటిలో కలిపిన నూరు రెట్లగును. ఇట్లు ఆరు మెట్లు దిగిన పది లక్షల రెట్లు పలుచన అగును. ఆ చివరి నీటిని 1 మిల్లీలీటరు పళ్లెములో వేసి ఆహారము పోసి పెంచుదురు. ఒక్కొక్క జీవి ఒక్కొక్క కాలనీ యగును. 30 నుండి 300 వరకు కాలనీలున్న పళ్లెమునే లెక్కకు తీసికొందురు. అంతకు తక్కువైన లెక్క నిలుకడగా ఉండదు, ఎక్కువైన కాలనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోవును.

ఉదాహరణకు, పది లక్షల రెట్లు పలుచన చేసిన పళ్లెములో 62 కాలనీలున్నవనుకొందము. గ్రాముకు 6 కోట్ల 20 లక్షలు. పొట్లము నెగ్గినది. మరొక పొట్లమునకు లక్ష రెట్ల పళ్లెములో 34 మాత్రమే ఉన్నచో గ్రాముకు 34 లక్షలు. పొట్లము ఓడినది. రెండు పొట్లములును చూచుటకు ఒకే నలుపు, ధరయు ఒకటే కావచ్చును.

ఈ లెక్క పొలములో ఎట్లుండునో చూడుడు. ఎకరమునకు 8 కిలోల పెసర విత్తనములో ఇంచుమించు 2 లక్షల గింజలుండును. 200 గ్రాముల పొట్లములో గ్రాముకు 5 కోట్ల చొప్పున 1,000 కోట్ల సూక్ష్మజీవులు. అనగా గింజకు 50,000. గింజను విత్తు సమయములో, మట్టిలో ఎన్ని చచ్చినను కొన్ని మిగిలి వేరును చేరగలవు. అదే పొట్లము ఎండకు పడియుండి, వేయింటికి ఒకటి మాత్రమే బ్రతికినచో గింజకు 50 మాత్రమే మిగులును. అవి మట్టిలోని ఇతర సూక్ష్మజీవులతో పోటీపడి గెలుచుట దుర్లభము. రైతు పొట్లమునకు డబ్బిచ్చెను, విత్తనమునకు పట్టించెను, శ్రమపడెను. ఫలము మాత్రము లేదు. చివరకు "కల్చరు పనిచేయదు" అని చెప్పుకొనును. పనిచేయనిది కల్చరు కాదు, చచ్చిన కల్చరు.

పొట్లము చేతికి వచ్చిన తరువాత

ప్రయోగశాలలో చేసిన పనియంతయు ఒక్క దినములో చెడిపోవుటకు వీలున్నది. కావున ఈ క్రింది విషయములు గుర్తుంచుకొనుడు.

1. పొట్లముపై పైరు పేరు, తయారైన తేదీ, గడువు తేదీ, బ్యాచి నంబరు చూచి కొనుడు. మీ పైరు పేరు లేనిది, గడువు దాటినది కొనకుడు. రసీదు తీసికొని భద్రపరచుడు.

2. రేకుల కొట్టములో, బండి పైన ఎండలో, ఎరువుల బస్తాల మీద, పురుగుమందుల ప్రక్కన ఉంచకుడు. వేడి 35, 40 డిగ్రీలు దాటిన కొలది సూక్ష్మజీవులు త్వరగా చచ్చును. చల్లని గదిలో, నీటి కుండ దగ్గర నీడన ఉంచుట మేలు.

3. విత్తుటకు సిద్ధమైన దినముననే పొట్లము విప్పుడు. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లము వేసి కాచి, పూర్తిగా చల్లార్చుడు. వేడిగా ఉండగా పొడి కలిపిన అంతయు చచ్చును. 8 నుండి 10 కిలోల పెసర, మినుము వంటి విత్తనములపై బెల్లపు నీరు చిలుకరించి, 200 గ్రాముల పొడి సమముగా పట్టించుడు. ఇతర పైరులకు పొట్లముపై ముద్రించిన మోతాదు పాటించుడు. వేరుశనగ పప్పును గట్టిగా రుద్దిన పొర ఊడి మొలక చెడును, కావున మెల్లగా కలుపుడు.

4. విత్తనమును నీడలో గోనెపట్టాపై ఆరబెట్టి, ఆ పూటనే విత్తుడు. ఎండ తగులనీయకుడు.

5. తెగుళ్ల మందు పట్టించవలసినచో దానిని ముందుగా పట్టించి ఆరబెట్టుడు. పురుగుమందు అవసరమైన తరువాత పట్టించుడు. రైజోబియం అన్నిటికంటె చివర పట్టించవలెను. కల్చరు పట్టించిన విత్తనమును యూరియా, సూపరు వంటి రసాయనిక ఎరువులతో కలిపి విత్తరాదు.

పొలములో మీ పరీక్ష

పెట్రి పళ్లెము మీ యింట ఉండదు, ఉండవలసిన పనియు లేదు. తెలియని సూక్ష్మజీవులను ఇంటిలో పెంచుట ప్రమాదకరము. ప్రయోగశాలలో కూడ వాడిన పళ్లెములను ఆటోక్లేవులో శుద్ధిచేసిన తరువాతనే పారవేయుదురు. కాని మొక్కపై పరీక్షను మాత్రము ప్రతి రైతును తన పొలములో చేసికొనవచ్చును.

కల్చరు పట్టించని విత్తనమును నాలుగైదు చాళ్లు ముందుగా విత్తుడు. తరువాతనే కల్చరు పట్టించిన దానిని విత్తుడు. క్రమము మారినచో గొర్రు ద్వారా, చేతుల ద్వారా సూక్ష్మజీవులు పోలిక చాళ్లకు కూడ చేరును. చాళ్ల చివర కర్రలు పాతి గుర్తు పెట్టుడు. విత్తిన 30 నుండి 40 దినములకు రెండు వైపుల నుండి పదేసి మొక్కలను పారతో త్రవ్వి, వేళ్లను నీటిలో నానబెట్టి కడిగి, బుడిపెలను లెక్కించుడు. కొన్నిటిని బ్లేడుతో కోసి లోపలి రంగు చూడుడు.

కల్చరు పట్టించిన వైపుననే గులాబి బుడిపెలు ఎక్కువగా ఉన్నచో పొట్లము మంచిది, మీ భూమికి అవసరము. రెండు వైపుల సమానముగా ఉన్నచో మీ భూమిలో మంచి సూక్ష్మజీవులు ముందే ఉన్నవన్నమాట. రెండు వైపులను లేకున్నచో పొట్లము చచ్చినదై ఉండవచ్చును, లేక నత్రజని ఎరువు ఎక్కువై, నీరు నిలిచి, బుడిపెలు రాకపోయి ఉండవచ్చును. అట్టి సందర్భమున పొట్లము కవరును, రసీదును తీసికొని మండల వ్యవసాయాధికారికి చూపుడు.

గ్రామాధికారులకు మనవి

గ్రామమునకు కల్చరు వచ్చినప్పుడు దానిని ఎరువుల బస్తాల వలె గాక విత్తనము వలె చూడవలెను. వచ్చిన దినముననే పంచుట, పంచు వరకు నీడన ఉంచుట, గడువు దాటినవానిని వేరుచేసి వెనుకకు పంపుట మీ చేతిలోని పనులు. అనుమానము కలిగినచో, విప్పని పొట్లములను విడిగా ఉంచి అధికారులకు తెలిపిన, నియమ ప్రకారము నమూనా తీసి ప్రయోగశాలకు పంపుదురు. విప్పిన పొట్లము లెక్కకు పనికిరాదు.

ఒక్క బుడిపె నుండి ఒక్క కాలనీని వేరుచేసి, దాని జాతిని నిర్ణయించి, మొక్కపై నిరూపించి, కోట్లకు పెంచి మీ ఊరికి పంపుటకు నెలల కాలము పట్టును. ఆ సూక్ష్మజీవులు బ్రతికి వేరును చేరునదియు, దారిలో చచ్చునదియు చివరి నాలుగు దినముల జాగ్రత్తపై ఆధారపడియున్నది. పొట్లమును నీడన ఉంచుడు, పోలిక చాళ్లు వేయుడు, వేళ్లను త్రవ్వి చూడుడు.